సొట్ట గంగాళం ఎక్సెల్‌లో పట్టదు

మూడేళ్ల కిందట మా పెదనాన్న ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు కంప్యూటర్లో ఏవేవో చేస్తుంటావు కదరా, ఇదీ ఎక్కించెయ్యి, నేను పోయాక చెదలు తింటాయి" అన్నాడు. లోపల మడతల దగ్గర చిరిగిన కాగితాలు నాలుగు. బహుధాన్య నామ సంవత్సరంలో, అంటే 1938-39లో, మా ముత్తాత పోయాక తాతయ్యా ఆయన తమ్ముళ్లిద్దరూ ఇంటి సామాను పంచుకుని రాసుకున్న పంపకాల కాగితం. పొలం లెక్క వేరే ఉందట, అది దొరకలేదు. ఇది ఉత్త సామానుదే: గంగాళాలు, బిందెలు, మరచెంబులు, భోషాణం, పందిరిమంచం, ఆడవాళ్ల నగలు, ఆఖరికి రుబ్బురోలు. మొత్తం 63 వరసలు.

ఒక ఆదివారం పని అనుకున్నా. ఎక్సెల్ తెరిచి నాలుగు గడులు పెట్టా: వస్తువు, లోహం, ఎన్ని, బరువు. సాయంత్రం టీ టైముకి అయిపోయింది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు కూడా పడ్డాయి. ఆ ఫైలు ఎంత దండగమారిదో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

కాగితంలో నాలుగో వరస ఇలా ఉంటుంది: "ఇత్తడి గంగాళం ౧ సొట్ట గలది కడియములు ౨ వీశెలు ౭౺". నా ఎక్సెల్‌లో అదే వరస: గంగాళం, ఇత్తడి, 1, 9.8 కిలోలు. చూడ్డానికి కడిగిన ముత్యంలా ఉంది. సొట్ట మాత్రం లేదు, ఎందుకంటే నేను సొట్టకి గడి పెట్టలేదు. కడియాలూ లేవు. వీశెల్ని కిలోలు చేసి (వీశె అంటే 120 తులాలు, 1400 గ్రాములకి ఓ వెంట్రుకవాసి తక్కువ) అసలు వీశెల మాటే లేకుండా చేశా. వీటన్నిటినీ మించిన ఘనకార్యం, ౭ పక్కనున్న ఆ రెండు నిలువు గీతల్ని పద్యం చివర పెట్టే దండం లాంటిదేదో అనుకుని వదిలేయడం.

అది దండం కాదు, అర. ఏడాది తర్వాత పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని కాగితాన్నీ నా ప్రింటౌట్‌నీ పక్కపక్కన పెట్టి చూసి, "ఏడున్నర వీశెల్ని ఏడు చేశావేంట్రా, అర వీశె ఇత్తడి ఎవరు తిన్నారు?" అన్నాడు. ఆయన చిన్నప్పుడు మా ఊరి కరణం గారి అరుగు మీద కూర్చుని లెక్కలు నేర్చుకున్నాడు. నిలువు గీత ఒకటి ఉంటే కాలు, రెండు ఉంటే అర, మూడు ఉంటే ముక్కాలు. అడ్డగీతలైతే వీసాలు, అంటే పదహారో వంతులు. మళ్లీ దాన్ని నాలుగు చేస్తే నిలువు గీతలు, ఇలా నాలుగేసి వంతుల్లో కిందికి దిగుతూ పోతుంది. ఏమీ లేని చోట పెట్టే గుర్తు హళ్లి. హళ్లికి హళ్లి సున్నకి సున్న అని అంటూనే ఉంటాం, ఆ హళ్లి ఒక అంకె అని నాకు నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, ఈ గుర్తులన్నీ 2008లోనే, అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో చోటిచ్చే యూనికోడ్‌లోకి వచ్చేశాయి, తూము అనే కొలతకి ఒక ప్రత్యేకమైన గుర్తుతో సహా. అంటే ఉన్నది ఉన్నట్టు టైపు చేసే సౌకర్యం నా ఫోన్లోనే ఉంది. లేనిది నాకు కాగితం మీద గౌరవం.

ఇక్కడి నుంచి నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పాత కాగితాల్లో, శాసనాల్లో వస్తువుల గురించి రాసిన మాటల్ని మనం కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నప్పుడు వస్తువుని ఎక్కిస్తున్నాం అనుకుంటున్నాం. ఎక్కించేది వస్తువుని కాదు. ఎవరో ఒకాయన ఒక రోజున ఒక అవసరం కోసం ఆ వస్తువు గురించి అన్న మాటని ఎక్కిస్తున్నాం. ఆ మాటని మాటగా ఒక చోట, ఆ వస్తువు ఏదై ఉంటుందన్న మన ఊహని ఇంకో చోట విడివిడిగా పెట్టాలి. రెండూ కలిపి ఒకే గడిలో కుక్కితే, ఎనభై ఏళ్ల నాటి మాట పోయి మన తెలివి మాత్రం మిగులుతుంది. అదీ 9.8 కిలోల తెలివి.

కుక్కకుండా ఎలా చెయ్యాలన్నది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. టీఈఐ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్) అని, పాత గ్రంథాల్ని, పత్రాల్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా ఎన్‌కోడ్ చేసేవాళ్ల పద్ధతి ఒకటి 1987 నుంచి నడుస్తోంది. రాసిన వాక్యాన్ని కదిలించకుండా అలాగే ఉంచి, అందులో ప్రతి ముక్కకీ అటూ ఇటూ గుర్తులు తగిలిస్తారు. పెళ్లిళ్లలో సామాన్ల మీద ఎవరివో తెలియడానికి పేర్లు రాసి చీటీలు అంటిస్తాం చూడండి, అలా. "ఇత్తడి" చుట్టూ ఇది లోహం అని చీటీ. "గంగాళం" చుట్టూ ఇది వస్తువు పేరు అని. "వీశెలు ౭౺" చుట్టూ ఇది కొలత అని, ఆ చీటీ లోపలి వైపు 7.5 అనీ ప్రమాణం వీశె అనీ కంప్యూటర్ కోసం. కాగితంలో ఉన్నది పైకి కనిపిస్తుంది, నా లెక్క చీటీలో ఉంటుంది. రేపు ఎవరైనా నా లెక్క తప్పంటే చీటీ మారుస్తారు, కాగితం జోలికి పోరు.

అయితే ఇందులో ఒక తమాషా ఉంది. ఈ పద్ధతిలో మనుషులకి, ఊళ్లకి, సంస్థలకి ఏనాటి నుంచో విడి విడి ఎంట్రీలున్నాయి. రాతప్రతి గురించి, అంటే ఏ కాగితం, ఏ సిరా, ఎన్ని ఆకులు, కట్టు ఎలా ఉంది అని పేజీలకి పేజీలు రాసుకునే ఏర్పాటు ఉంది. శాసనాల కోసం దీన్నే మలుచుకున్న ఎపిడాక్‌లో రాయి ఎత్తెంత, ఎక్కడ విరిగింది అని రాయొచ్చు. మన అమరావతి, నాగార్జునకొండ శాసనాలు ఇప్పటికే ఈ పద్ధతిలో ఆన్‌లైన్లో ఉన్నాయి, 2019లో మొదలైన ధర్మ అనే యూరప్ ప్రాజెక్టు దక్షిణాసియా శాసనాల మీద ఇదే పద్ధతిలో పనిచేసింది. కానీ రాతిమీద రాసిన కిరీటానికి? కాగితం లోపల ఉన్న గంగాళానికి? చాలాకాలం దానికంటూ సొంత చోటు లేదు, ఏదో జనరల్ ట్యాగుతో (చీటీని వాళ్లు ట్యాగు అంటారు) నెట్టుకొచ్చేవాళ్లు. వస్తువుకి విడిగా 'ఆబ్జెక్ట్' అనే ట్యాగు 2019లో గానీ రాలేదు. వాళ్ల గైడులో ఉదాహరణగా ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్న ఆల్ఫ్రెడ్ నగ అనే పాతకాలపు ఇంగ్లండ్ బంగారు ఆభరణాన్ని పెట్టుకున్నారు. మనం వడ్డాణం పెట్టుకుంటే సరి.

ఇదంతా ఎందుకు, స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేస్తే చాలదా అనేవాళ్లు ఉంటారు. స్కాన్ తప్పకుండా చెయ్యాలి, ముందు అదే చెయ్యాలి. కానీ ఫొటోలో వెతకలేం కదా. సరే, అక్షరాలుగా మారిస్తే వెతకొచ్చుగా అంటారు. మార్చి చూడండి. మా కాగితంలో "కంటె" రెండు చోట్ల ఉంది, మెడలో వేసుకునేది. ఏ పాత తెలుగు పుస్తకాల్లోనైనా ఆ మాట వెతికితే దానికంటె, దీనికంటె, అంతకంటె అని వేలు వస్తాయి, నగ ఒక్కటి రాదు. "పేరు" అని వెతికితే కాసులపేరు దొరకాలంటే ఊళ్లో వాళ్లందరి పేర్లూ దాటుకుని రావాలి. ఇంకోటి చెప్తాను, ఇది నా పని కాదు గానీ నా కళ్లముందే జరిగింది. నేను కొన్నాళ్లు ఒక సంస్థ వాళ్లకి పాత దస్తావేజులు టైపు చేసిపెట్టేవాణ్ని. అక్కడ ఒక కుర్రాడు "పట్టెమంచం ౧ కోళ్ళు ౪" అన్న వరసని చూసి మంచాన్ని ఫర్నిచర్ గడిలోనూ, నాలుగు కోళ్లని పశువులు, పక్షుల గడిలోనూ వేశాడు. మంచం కాళ్లని కోళ్లంటారని అతనికి ఎవరు చెప్పాలి? నవ్వాం గానీ, నా రెండు గీతల భాగోతం తెలిశాక ఆ నవ్వు వెనక్కి తీసుకున్నా. వాళ్ల ఫారంలో లోహం దగ్గర నాలుగే ఆప్షన్లు: గోల్డ్, సిల్వర్, బ్రాస్, అదర్. రాగి, కంచు, తగరం, పంచలోహం అన్నీ అదర్. కంచుగిన్నెలో తిన్నవాడు ఎవడైనా కంచుని అదర్ అంటాడా? అడిగితే, "సార్, డేటా క్లీన్‌గా ఉండాలి" అన్నారు.

ఈ క్లీన్ అన్న మాట వింటే నాకు తంజావూరు గుర్తొస్తుంది. 1010 ప్రాంతంలో రాజరాజచోళుడు బృహదీశ్వరాలయానికి ఇచ్చిన నగల్ని గోడల మీద తమిళంలో చెక్కించారు, హుల్ట్ష్ అనే జర్మన్ పండితుడు 1890ల నుంచి వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. వీలు చేసుకుని ఒక్క పేజీ చదవండి. ముత్యాలు ఇన్ని అని ఊరుకోరు. గుండ్రనివి, ఇంచుమించు గుండ్రనివి, మెరుగు పెట్టినవి, చిన్నవి, ఎర్రనీరు ఉన్నవి అని చెబుతారు. కెంపుల దగ్గరికొస్తే తొర్రలున్నవి, తెల్లమచ్చలున్నవి, ఇంకా ముడిరాయి వదలనివి కూడా దాచకుండా రాశారు. తూకం దారంతోనా, దారం లేకుండానా, లక్కతో కలిపా అన్నదీ రాశారు. బంగారం తూచిన రాయికి ఆడవల్లాన్ అని పేరు, నగలు తూచిన రాయికి దక్షిణమేరు విటంకన్ అని ఇంకో పేరు. కళంజు, మంజాడి, కున్రి అని లెక్క, కున్రి అంటే మన గురిగింజే. చక్రవర్తి దేవుడికి ఇచ్చిన కెంపుకి తొర్ర ఉందని గుడిగోడ మీద అందరికీ కనిపించేలా చెక్కించడానికి ఎంత ధైర్యం కావాలి అనుకునేవాణ్ని. ధైర్యం కాదు, లెక్క. రేపు భండారం అప్పజెప్పుకునే మనిషి ఆ కెంపు ఆ కెంపేనని ఎలా తెలుసుకోవాలి? మంచి కెంపులన్నీ ఒకేలా ఉంటాయి, తొర్ర ఉన్నదాన్ని ఎవరూ మార్చలేరు. మన టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రెండు రాయించుకునేది ఎందుకు మరి? మా ముత్తాత కొడుకులు "సొట్ట గలది" అని రాసిందీ అందుకే. దాన్ని క్లీన్ చేస్తే పోయేది మురికి కాదు, ఆనవాలు.

తిరుమలలో చిక్కు ఇంకో రకం. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి కొండకి వచ్చి స్వామికి నవరత్నాల కిరీటం, కర్పూర హారతి కోసం 25 వెండి పళ్లేలు సమర్పించాడు. తిరుమలదేవి, చిన్నాదేవి పాలారగింపుకి బంగారు గిన్నెలిచ్చారు. ఆ సందర్భానికి తెలుగులో, తమిళంలో, కన్నడంలో శాసనాలున్నాయి. ఇప్పుడు మన ఎక్సెల్ వీరుడు మూడు శాసనాల్నీ వరసగా ఎక్కించాడనుకోండి: కిరీటాలు మూడు, పళ్లేలు 75. నవ్వులాట కాదు, జాబితా తయారు చేసేవాడికి శాసనం ఒక వరస, వరసకో వస్తువు, అంతే కదా. వస్తువు వేరు దాని ప్రస్తావన వేరు అని మొదట్లోనే పెట్టుకుంటే ఈ గొడవ రాదు. కిరీటానికి ఒక నంబరు. మూడు శాసనాల్లోని మూడు ప్రస్తావనలూ ఆ నంబరు వైపు వేలు చూపిస్తాయి. ఏ భాషలో ఏ వివరం ఎక్కువుంది, ఎందులో ఏ రాయి పేరు లేదు అన్నది అలాగే నిలబడుతుంది. ఏ రెండు ప్రస్తావనలైనా ఒకే వస్తువుని గురించేనా అన్న అనుమానం ఉంటే అది కూడా రాసుకోవచ్చు: గట్టి నమ్మకం, మధ్యరకం, తక్కువ అని. రాయల నగలు ఇప్పుడున్నవాటిలో ఉన్నాయా అన్న చర్చ 2018లో కేంద్ర సమాచార కమిషన్ దాకా వెళ్లింది, అందులోకి నేను వెళ్లను, నాకు అర్హత లేదు. నేననేది దానికి ముందు మెట్టు: ఎవరు ఎప్పుడు పోల్చి చూడాలన్నా పోల్చడానికి వీలుగా మాటలు మిగిలి ఉండాలి. "కిరీటం 1" అన్న ఎంట్రీని దేనితో పోలుస్తారు?

మోటుపల్లి రేవు సంగతి కూడా ఒక్క ముక్క. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో సముద్ర వర్తకులకిచ్చిన అభయశాసనంలో సుంకాల పట్టీ ఉంది, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, తగరం, పగడాలు, మిరియాలు అంటూ. అందులో కర్పూరం వేరే, చీనీ కర్పూరం వేరే. ఎక్కించేవాడు రెండింటినీ 'కర్పూరం' చేసేస్తే జాబితా పొట్టిదవుతుంది, చీనా నుంచి ఓడ వచ్చిందన్న జాడ ఆ ఒక్క మాటతో పాటు పోతుంది.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. ఇది చాలా నెమ్మదిగా సాగే పని. 63 వరసలకి నాకు పదకొండు ఆదివారాలు పట్టింది, మా ఆవిడ దృష్టిలో నేను అప్పటికే పోయినవాడితో సమానం. జిల్లా ఆర్కైవుల్లో మూలుగుతున్న లక్షల కాగితాలన్నిటికీ ఇలా చెయ్యమంటే మనుషులేరీ? శిస్తు లెక్కల్లాంటివి, గడులు గీసి మరీ రాసినవి, వాటికి ఎక్సెల్ సరిపోతుంది, రాసినవాడే గడుల్లో ఆలోచించాడు కాబట్టి. వాక్యంలో రాసినదానికే ఈ శ్రమ. అందులోనూ అన్నీ చీటీలు అంటించక్కర్లేదు: పేరు, దేనితో చేసింది, కొలత, ఎలా ఉంది, ఎవరి దగ్గరుంది, ఈ అయిదూ చాలు. ఏఐ చదివేస్తుంది కదా అని మా అక్క కొడుకు అంటాడు. చదువుతుంది, నేను ప్రయత్నించా, బాగానే చదివింది కూడా. కానీ అదీ రెండు గీతల్ని నాలాగే దండం చేసింది, "మూత లేదు" అన్న మాటని అడక్కుండా మింగేసింది. దానితో మొదటి కాపీ తీయించుకుని మనిషి దిద్దుకుంటే మంచిదే. దిద్దేవాడికి హళ్లి తెలిసుండాలి, అంతే. మా కరణాల వ్యవస్థ 1984లో పోయింది, ఆ లెక్కలు చేత్తో రాసినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్ల వయసు మీరే లెక్కేసుకోండి. నాకు అసలు టెన్షన్ అదే, ట్యాగులు కాదు.

పద్ధతిలోనూ ఇబ్బందులున్నాయి. చీటీ అంటించడమంటేనే నా అభిప్రాయం అంటించడం. "భోషాణం ౧ తాళపుచెవి పెద్దవాని వద్ద" అని ఉంది. తాళంచెవి ఎక్కడుందన్నది భోషాణం స్థితా, చోటా, లేక అన్నదమ్ముల మధ్య నమ్మకమెంతో చెప్పే మాటా? భోషాణం పడింది చిన్నతాతయ్య వాటాకి, చెవి ఉన్నది మా తాతయ్య దగ్గర. దీనికి ఏ ట్యాగు పెట్టను? చివరికి భోషాణానికో నంబరు, తాళంచెవికో నంబరు ఇచ్చి, రెండింటికీ సంబంధం అని రాసి, ఎవరి దగ్గరుందో విడిగా రాసి ఊరుకున్నా. "రుబ్బురోలు కదలనిది" అన్నదాంట్లో కదలనిది అంటే పాతేసిందనా, పంచుకోకుండా ఇంటికే వదిలేద్దామనా? మధ్యరకం నమ్మకం అని పెట్టా. తెలియని చోట తెలియదని చెప్పే వీలుంది చూశారా, నాకీ పద్ధతిలో అన్నిటికంటే నచ్చింది అదే. ఎక్సెల్ గడిలో అనుమానానికి చోటుండదు, రంగు వేసుకోవడం తప్ప.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చిన్నతాతయ్య కొడుకు, అంటే మా బాబాయి, వాళ్ల పెరట్లో కూర్చుని ఈ సొదంతా చెబుతున్నా. పిన్ని వింటూ వింటూ, "సొట్ట గంగాళమా, అదిగో" అని కరివేపాకు చెట్టు మొదట్లో చూపించింది. నీళ్లు పట్టుకుని మొక్కలకి పొయ్యడానికి పెట్టుకున్నారట. అంచుకి జానెడు కింద పిడికిలంత లోతున సొట్ట. ఒక వైపు కడియం ఉంది, రెండో వైపు రివెట్టు రంధ్రాలు రెండు. "నేను కాపరానికొచ్చినప్పటికే అది సొట్టేరా" అంది పిన్ని. అప్పుడే వీధిలోకి పాతసామాన్ల అతను వచ్చాడు, అతని కాటా అరువు తీసుకుని తూచాం. కొంటాననుకుని అతను ముందే రేటు చెప్పేశాడు, పాపం. 10 కిలోల 100 గ్రాములు తూగింది.

ఇప్పుడు లెక్క చూడండి. నా మొదటి ఎక్సెల్ ప్రకారం మా కాగితంలోని గంగాళం 9.8 కిలోలు. ఎనభై ఏళ్లు తోమిన ఇత్తడి, పైగా ఒక కడియం ఊడింది, బరువు పెరగదు కదా. ఆ ఫైలుని నమ్మితే ఇది ఆ గంగాళం కాదని తేల్చేసి లేచి వచ్చేవాణ్ని. రెండు గీతల్నీ అర అని చదివితే ఏడున్నర వీశెలు, అంటే పదిన్నర కిలోలు. ఒక కడియమూ, అరుగుదలా తీసేస్తే సరిపోతోంది. ఇంటికొచ్చి ఫైలు తెరిచి నాలుగో వరస ప్రస్తావనని పెరట్లోని గంగాళం నంబరుకి కలిపా. నమ్మకం దగ్గర "గట్టి" అని పెట్టబోయి "మధ్యరకం" అని పెట్టా, ఆ రోజుల్లో ఊళ్లో ఇంకెన్ని గంగాళాలకి సొట్టలున్నాయో నాకేం తెలుసు. పెదనాన్నకి ఫోన్లో చెబితే, "మధ్యరకమేంట్రా, ఆ సొట్ట పెట్టింది నేనే, మీ నాయనమ్మ చేత తన్నులు తిన్నాను" అన్నాడు. ఆయన పుట్టింది 1941లో, కాగితం 1938-39ది. ఆ మాట ఆయనకి గుర్తు చెయ్యలేదు. ఆయనన్నదీ రాసుకున్నా, ఇంకో ప్రస్తావనగా, తేదీ వేసి.

కాగితంలో 41వ వరస వడ్డాణం. "వడ్డాణం ౧ కుదువ ఉన్నది" అని ఉంది, బరువు లేదు, ఎవరి దగ్గర కుదువ పెట్టారో లేదు, తర్వాత విడిపించినట్టు ఎక్కడా లేదు. దానికీ ఒక నంబరు ఇచ్చా.